మనిషికి లేని గేటు: సునౌలి మీదుగా లుంబిని, ముక్తినాథ్ రోడ్డు యాత్ర రివ్యూ

కాశీకి వెళ్ళి, అక్కడి నుంచి గోరఖ్‌పూర్, సరిహద్దు ఊరు సునౌలి మీదుగా నేపాల్‌లోకి దిగి లుంబిని, పొఖారా, ముక్తినాథ్, ఖాట్మండు చూసి రావడం తెలుగు యాత్రికులకు బాగా అలవాటైన రూటు. ఆ దారిలో హోటళ్ళ మీద, ట్రావెల్స్ వాళ్ళ మీద, వంటల మీద రివ్యూలు కావలసినన్ని దొరుకుతాయి. వాటన్నిటికీ ముందు మీరు వాడుకునే సర్వీసు ఒకటుంది: రెండు ప్రభుత్వాలు కలిసి నడిపే సరిహద్దు. దాన్ని హోటల్‌ను చూసినట్టే చూసి, ఎక్కడ బాగుందో, ఎక్కడ పాడైందో చెప్పడానికే ఈ రివ్యూ.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఇక్కడ మనిషికి గేటు లేదు. మనిషి జేబులోని నోటుకు, చేతిలోని ఫోనుకు, కిందున్న బండికే గేటు. యాత్ర చెడిపోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి దగ్గరే చెడతాయి.

మనిషి సంగతి మొదట. 1950 జూలై 31న రెండు దేశాలూ చేసుకున్న శాంతి, స్నేహ ఒప్పందం వల్ల 1,751 కిలోమీటర్ల సరిహద్దు తెరిచే ఉంది. వీసా అక్కర్లేదు, స్టాంపు అక్కర్లేదు. సునౌలిలో ఇటువైపు సశస్త్ర సీమా బల్ వాళ్ళు, అటువైపు నేపాల్ సాయుధ పోలీసులు బ్యాగు చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. రిక్షా ఎక్కి దాటేయొచ్చు. ఈ ఒక్క అంశానికి పదికి తొమ్మిది మార్కులు ఇవ్వాల్సిందే. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందంటే, గేటు దగ్గర కార్డు అడగరు కాబట్టి అసలు కార్డే అక్కర్లేదనుకుని జనం మోసపోతారు.

భారత ఇమిగ్రేషన్ నియమం ప్రకారం 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వాళ్ళకు చెల్లే కార్డులు ముఖ్యంగా రెండే: పాస్‌పోర్టు, ఓటర్ కార్డు. ఆధార్ ఆ వయసువాళ్ళకు చెల్లదు. 65 దాటినవాళ్ళకు, 15 లోపు పిల్లలకు మాత్రం ఆధార్, పాన్, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ఫొటో ఉన్న కార్డు ఏదైనా సరిపోతుంది. 15–18 మధ్య పిల్లలకు స్కూలు ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం చెల్లుతుంది. కుటుంబంగా వెళ్తే పెద్దవాళ్ళలో ఒకరి దగ్గర సరైన కార్డు ఉండి, మిగతావాళ్ళ దగ్గర ఫొటోతో పాటు బంధుత్వం తెలిసే కార్డు ఏదైనా ఉంటే చాలు. రేషన్ కార్డు తీసుకెళ్ళమని పాత ట్రావెల్స్ వాళ్ళు పట్టుబట్టేది అందుకే.

ఆధార్ ఒక్కటే పట్టుకెళ్ళిన నలభై ఏళ్ళ మనిషి సునౌలిలో ఏ ఇబ్బందీ పడడు. తిరుగు ప్రయాణానికి ఖాట్మండు నుంచి ఢిల్లీ ఫ్లైటు బుక్ చేసుకుని ఉంటే మాత్రం విమానాశ్రయం కౌంటర్ దగ్గర ఆగిపోతాడు. అప్పుడిక ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి, ఇండియాకు ఒక్కసారి తిరిగి రావడానికి ఇచ్చే పత్రం తీసుకోవాలి. దానికి పట్టే సమయం ప్యాకేజీ బస్సు ఆగే సమయం కాదు. ఇంకో చిన్న విషయం: పొఖారా నుంచి ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌కు వెళ్ళే విమానం టికెట్ మీద పేరు, కార్డు మీద పేరు ఒకేలా ఉండేలా చూసుకోండి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉండటం మన తెలుగు పేర్లకున్న పాత తలనొప్పి.

అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవలను వెంటబెట్టుకుని వెళ్ళే కుటుంబాలకు సునౌలి పూర్తిగా వేరే సరిహద్దు. వాళ్ళకు రెండువైపులా స్టాంపులు కావాలి. రెండు ఇమిగ్రేషన్ ఆఫీసులూ రోడ్డు పక్కన దుకాణాల వరసలో కలిసిపోయి ఉంటాయి, ఎవరూ ఆపి పిలవరు. మిగతా బస్సంతా ఆగకుండా వెళ్ళిపోతుంటే వాళ్ళూ వెళ్ళిపోతారు. భారత్ నుంచి బయటికి వెళ్ళిన స్టాంపు లేకపోయినా, నేపాల్‌లోకి వచ్చిన స్టాంపు లేకపోయినా, తిరుగు ప్రయాణంలో అది జరిమానాగా, ఒక్కోసారి తప్పిపోయిన ఫ్లైటుగా బయటపడుతుంది. నేపాల్ వీసా అక్కడికక్కడే ఇస్తారు: 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125. నలగని డాలర్ నోట్లు దగ్గర పెట్టుకోండి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉంటే తిరిగి రావడానికి చిక్కు లేదు. భారత ఈ-వీసా మీద వచ్చినవాళ్ళు మాత్రం ఏ భూసరిహద్దులో దాన్ని తీసుకుంటారో ముందే చూసుకోవాలి, అన్నిచోట్లా తీసుకోరు. ఈ వర్గానికి మా మార్కులు పదికి మూడు. ఒక పెద్ద బోర్డు పెడితే అయిపోయే పని ఇది.

ఇక డబ్బు. నేపాలీ రూపాయి 1993 నుంచి ఒకే లెక్కకు కట్టి ఉంది: మన 1 రూపాయికి వాళ్ళ 1.60. అంటే మన 1,000 వాళ్ళ 1,600, వాళ్ళ 100 మన 62 రూపాయల 50 పైసలు. అక్కడి దుకాణాల్లో 'ఐసీ', 'ఎన్‌సీ' అనే మాటలు వినిపిస్తాయి. ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. ధర చెప్పగానే ఏ సీ అని అడగండి. ఎన్‌సీలో వెయ్యి అయిన శాలువాకు ఐసీలో 625 ఇవ్వాలి. 650 అడిగితే ఆ 25 మార్పిడి లాభం. టీ దగ్గర దాని గురించి గొడవ అనవసరం, హోటల్ బిల్లు దగ్గర అవసరమే.

నోట్ల సంగతి ఇంతకంటే చిక్కు. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం 100 కంటే పెద్ద భారతీయ నోట్లను నిషేధించింది. ఆ తర్వాత సడలింపులు మొదలయ్యాయి, మీరు బయలుదేరే వారం నాటి నియమం ఏమిటో చూసుకోండి. కాగితం మీద నియమం ఎలా మారినా, కొండ ఊళ్ళో దుకాణదారు దాకా ఆ మార్పు చేరేసరికి ఆలస్యమవుతుంది. కాబట్టి 100 నోట్లే నమ్మకం. 100 నోట్ల కట్టలు గోరఖ్‌పూర్‌లో వెతుక్కోవడం కష్టం, ఊళ్ళోనే బ్యాంకు నుంచి తెచ్చుకోండి. సునౌలి ఏటీఎంల మీద ఆశ పెట్టుకోవద్దు, అవి ఎక్కువగా 500 నోట్లే ఇస్తాయి. ఆ నోట్లు గేటు దాటాక మీకే భారం.

యూపీఐ వచ్చాక ఈ బాధ సగం తగ్గింది. 2024 మార్చి నుంచి భారతీయ యూపీఐ యాప్‌లతో నేపాల్ దుకాణాల్లోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి కట్టొచ్చు. మన చెవికి వచ్చే తికమక ఒకటుంది. అక్కడి క్యూఆర్ స్టిక్కర్ మీద ఉండే ఫోన్‌పే (Fonepay) నేపాలీ సంస్థ, మన ఫోన్లలో ఉండే ఫోన్‌పే (PhonePe) వేరే సంస్థ. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. మీ యాప్ ఏదైనా ఆ కోడ్ పనిచేయాలంటే ముందు యాప్‌లో ఇంటర్నేషనల్ యూపీఐ సెట్టింగ్ ఆన్ చేయాలి, అది ఇండియాలో ఉండగానే చేసుకోవడం మేలు. దుకాణం పేరుతో ఉన్న కోడ్‌కే డబ్బు వెళ్తుంది. మనిషి సొంత ఖాతా కోడ్‌కు వెళ్ళదు. చిన్న టీ బంకుల్లో, గుర్రాలవాళ్ళ దగ్గర 'ఫెయిల్డ్' అని వచ్చేది చాలాసార్లు అందుకే. ఈసేవా అని కూడా స్టిక్కర్లు కనిపిస్తాయి. అది హైదరాబాద్‌లో కరెంటు బిల్లు కట్టిన ఈసేవ కాదు, నేపాల్ వాళ్ళ వాలెట్.

యూపీఐకి నెట్ కావాలి, బ్యాంకు ఓటీపీకి మన సిమ్ మీద మెసేజ్ రావాలి. కాబట్టి రోమింగ్ ప్యాక్ వేసుకోకపోయినా, రోమింగ్‌లో మెసేజ్‌లు వచ్చే సదుపాయాన్ని గేటు దాటకముందే ఆన్ చేయించుకోండి, దాటాక అది కష్టం. అక్కడి సిమ్ నేపాల్ టెలికాంది గానీ ఎన్‌సెల్‌ది గానీ తీసుకోవచ్చు. కార్డు కాపీ, ఫొటో అడుగుతారు. కొండల్లోకి వెళ్ళేవాళ్ళకు నేపాల్ టెలికాం మెరుగు. సునౌలికి, దానికి ఎదురుగా నేపాల్ వైపున్న బేలహియాకు మధ్య ఫోను ఒకసారి ఇటు టవరు, ఒకసారి అటు టవరు పట్టుకుంటుంది. నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు. కాబట్టి ఫోనులో టైము కూడా ముందుకీ వెనక్కీ గెంతుతుంది. బస్సు టైము ఎవరైనా చెప్తే ఏ దేశం టైమో అడగండి.

ఇప్పుడు బండి. పదికి నాలుగు మార్కులు, అవీ అక్కడ పనిచేసే గుమస్తాల మంచితనానికి.

సొంత కారు గానీ మోటార్ సైకిల్ గానీ తీసుకెళ్ళేవాళ్ళకు తెలియాల్సిన మాట 'భన్సార్'. కస్టమ్స్ ఆఫీసునూ, అక్కడ కట్టే రోజువారీ రుసుమునూ రెండింటినీ అదే పేరుతో పిలుస్తారు. పని ఇలా సాగుతుంది. బండిని గేటు దాటించి పక్కన పెట్టాలి, ఒరిజినల్ ఆర్‌సీ, లైసెన్స్, యజమాని కార్డు పట్టుకుని కౌంటర్‌కు వెళ్ళాలి, ఎన్ని రోజులు, ఏయే ఊళ్ళు అన్నది చెప్పి ఫారం నింపాలి, రోజుల లెక్కన నేపాలీ రూపాయల్లో కట్టి రసీదు తీసుకోవాలి. తర్వాత రవాణా శాఖ వాళ్ళ రూట్ పర్మిట్, వాళ్ళ భాషలో 'యాతాయాత్', వేరే కిటికీలో తీసుకోవాలి. చాలామంది మొదటి రసీదు చేతికి రాగానే బయలుదేరతారు, రెండోది లేక పొఖారా దారిలోని బుట్వల్ ఊరు దాటకముందే ట్రాఫిక్ పోలీసుకు దొరుకుతారు.

రోజుల లెక్కలో పీనాసితనం పనికిరాదు. గేటు దాటిన రోజు, తిరిగొచ్చే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. కొండచరియ ఒక్కటి విరిగినా ఒక రోజు పోతుంది. గడువు దాటిన బండికి జరిమానా రోజువారీ రుసుము కన్నా చాలా ఎక్కువ. అనుకున్నదాని కన్నా రెండు రోజులు ఎక్కువ కట్టుకోవడమే లాభం. ఏడాదిలో మొత్తం 30 రోజులకు మించి విదేశీ బండిని ఉండనివ్వరు. బండి వేరేవాళ్ళ పేరు మీద ఉంటే యజమాని రాసిచ్చిన అనుమతి పత్రం కావాలి. బండి బావమరిదిది అన్న మాట అక్కడ చెల్లదు. ఆర్‌సీ ఫోన్‌లో డిజిటల్‌గా ఉంటే ఇండియాలో చెల్లుతుంది. అక్కడ కార్డే చూపించాలి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారైతే దేశం దాటకూడదన్న షరతు ఒప్పందంలో ఉందేమో చూసుకోండి.

దాదాపు ఎవరూ పట్టించుకోనిది ఇన్సూరెన్స్. మన మోటార్ పాలసీ చెల్లేది ఇండియా హద్దుల్లోనే. నేపాల్‌కు కూడా వర్తించాలంటే 'జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్' అనే ఎండార్స్‌మెంట్ కొంచెం ప్రీమియం కట్టి రాయించుకోవాలి. బీమా కంపెనీ శాఖలో ఒక దరఖాస్తు పని అది, యాప్‌లో చాలాసార్లు కనిపించదు. బయలుదేరే ముందు వారం పెట్టుకోండి. ఇది లేకుండా పొఖారా ఘాట్‌లో బంపర్ తగిలితే ఖర్చంతా మీదే. ఎదుటివాళ్ళకు దెబ్బ తగిలితే బండి పోలీస్ స్టేషన్‌లోనే ఉండిపోతుంది.

పసుపు ప్లేటు బండ్లకు, అంటే టాక్సీలు, యాత్రా బస్సులకు భన్సార్ ఒక్కటే చాలదు, ప్రయాణికుల జాబితాతో కూడిన పర్మిట్ కావాలి. ప్యాకేజీ బుక్ చేసేటప్పుడు ట్రావెల్స్ వాళ్ళను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: గేటు దాటాక మన బస్సే వస్తుందా, బేలహియాలో నేపాలీ బస్సు ఎక్కుతామా? మన బస్సే అంటే పర్మిట్ ఖర్చు టికెట్‌లో ఉందో లేదో అడగండి. నేపాలీ బస్సు అంటే సంతోషించండి. ఆ కొండ దారుల్లో అక్కడి డ్రైవర్‌కున్న అలవాటు మనవాళ్ళకు ఉండదు. వంటవాళ్ళు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలతో వెళ్ళే బస్సులకు కస్టమ్స్ దగ్గర ఎక్కువ ఆలస్యం అవుతుంది. ప్లాస్టిక్ కవర్ విప్పని కొత్త చీరల కట్టలున్నా ప్రశ్నలు మొదలవుతాయి.

ఈ బండ్ల వ్యవహారం ఇంత మోటుగా ఎందుకుందంటే, సహకారం అంతా సరుకు మీదే సాగింది. బిహార్‌లోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను 2019లో ప్రారంభమైంది. ఇండియన్ ఆయిల్ పెట్రోలు, డీజిల్ క్యూ లేకుండా సరిహద్దు దాటుతున్నాయి, వాటిని పోయించుకున్న కారు క్యూలో నిలబడుతుంది. రక్సౌల్, జోగ్‌బని, రూపైడిహలో కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఒకేచోట ఉండే సమీకృత చెక్‌పోస్టులు కట్టారు, వాటి కొలతలన్నీ లారీలకు వేసినవే. సునౌలిలో అలాంటి చెక్‌పోస్టు ఇంకా కట్టుబడి పనుల్లో నలుగుతోంది. ప్రయాణికుల బండ్ల కోసం 2014 నవంబరులో భారత్–నేపాల్ ఒప్పందం, 2015 జూన్‌లో థింపూలో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ కలిసి మోటారు వాహనాల ఒప్పందం చేసుకున్నాయి. భూటాన్ పార్లమెంటు ఎగువ సభ ఒప్పుకోలేదు, మిగతా మూడు దేశాలూ ఇంకా నియమాలు రాసుకుంటూనే ఉన్నాయి. ఇంతకాలం గడిచినా మీ కారుకు దొరికేది చేత్తో రాసిన రసీదే.

అందుకే మా సలహా: గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలి దాకా బస్సు, గేటు నడిచి దాటడం, బేలహియాలో నేపాలీ బండి. విజయవాడ, వరంగల్ వైపు నుంచి రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ నేరుగా గోరఖ్‌పూర్ వెళ్తుంది. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు. చివర లారీల వరస ఉంటుంది, బస్సు ముందే ఆపేస్తే దిగి నడవడమే తొందర. గేటు దాటాక ఒక 4 కిలోమీటర్లకు భైరహవా. అక్కడి ఈ-రిక్షాను 'సిటీ సఫారీ' అంటారు. పేరు విని ఏనుగుల టూరనుకోవద్దు.

లుంబిని బేలహియా నుంచి 27 కిలోమీటర్లు. యాత్రికులు గంటలో చూసి వచ్చేస్తారు, అది దండగ. 1978లో జపాన్ వాస్తుశిల్పి కెంజో టాంగే గీసిన ప్లాన్ ప్రకారం ఆవరణ మూడు మైళ్ళ పొడవు, ఒక మైలు వెడల్పు. మాయాదేవి ఆలయం దక్షిణపు చివర, ప్రపంచ శాంతి స్తూపం ఉత్తరపు చివర. మధ్య కాలువకు తూర్పున థేరవాద దేశాల విహారాలు, పడమర మహాయాన, వజ్రయాన విహారాలు. నడిస్తే వృద్ధులు సగంలోనే కూలబడతారు, రిక్షా మాట్లాడుకోండి, దిగి చూసే ప్రతి చోటా ఆగేలా ధర ముందే ఖాయం చేసుకోండి. ఆలయంలోకి చెప్పులు, కెమెరా వద్దు. పది దాటితే రాతి పలకలు కాలుతాయి, సాక్స్ పెట్టుకోండి.

అక్కడున్న అశోక స్తంభం మీద రాసి ఉన్నది చదివించుకోండి. బుద్ధుడు పుట్టిన ఊరు కాబట్టి రాజు లుంబిని గ్రామానికి పన్ను మాఫీ చేసి, పంటలో రాజభాగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించాడు. భన్సార్ కౌంటర్ దగ్గర గంటన్నర నిలబడి వచ్చినవాళ్ళకు ఆ శాసనం కొంచెం ఎక్కువ అర్థమవుతుంది.

లుంబినికి సుమారు పది కిలోమీటర్ల దూరంలోనే కకరహవా అనే ఇంకో దారి ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని సిద్ధార్థనగర్ జిల్లాలో, 1898లో బుద్ధుడి అస్థి ధాతువులు దొరికిన పిప్రహవా అటువైపే. బౌద్ధ యాత్రకు ఇంతకంటే సహజమైన దారి లేదు. అయినా శ్రీలంక, థాయ్‌లాండ్, జపాన్ యాత్రికులు అటు దాటలేరు, ఇమిగ్రేషన్ లేదు. వాళ్ళు సునౌలి దాకా చుట్టూ తిరగాలి. బుద్ధుడు పెరిగిన కపిలవస్తు పిప్రహవానా, నేపాల్‌లోని తిలౌరాకోటా అన్న పేచీ ఇంకా తెగలేదు. ఒకవైపు బోర్డులు రెండోవైపు స్థలం పేరే ఎత్తవు. పండితులు పేచీ తేల్చుకునే లోపు రెండూ కలిపి ఒకే టికెట్ మీద చూపించొచ్చు, అడ్డేమీ లేదు. భారతీయులకు కకరహవా తెరిచే ఉంది. సిద్ధార్థనగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు సునౌలి రద్దీ తప్పించుకోవడానికి వాడుకోవచ్చు.

పొఖారాకు రెండు దారులు. బుట్వల్, పాల్పా మీదుగా సిద్ధార్థ హైవే దగ్గర, కానీ బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర రాళ్ళు పడే చోటుంది. సొరంగం తవ్వుతున్నారు. నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మీదుగా వెళ్ళేది చుట్టు. వానాకాలంలో రెండూ ప్రమాదమే. 2024 జూలైలో నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ రోడ్డు మీద చరియ విరిగి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. ఆ తర్వాతి నెలలో మహారాష్ట్ర యాత్రికుల బస్సు తనహూ జిల్లాలో మర్స్యాంగ్దీ నదిలో పడింది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఈ ప్యాకేజీ కొనకండి. మిగతా నెలల్లోనూ రాత్రి బస్సు ఎక్కకండి. "ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది" అని ట్రావెల్స్ ఏజెంటు అంటే ఆ మాట ఒక్కటి చాలు, ఇంకో ఏజెంటును చూసుకోడానికి.

ముక్తినాథ్ వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామ క్షేత్రం. మన దగ్గర తిరుమల, అహోబిలం సేవించినవాళ్ళు ఇక్కడికి రావాలనుకోవడం సహజం. ఎత్తు 3,710 మీటర్లు. పొఖారా సుమారు 820 మీటర్లు. ఒకే రోజులో జీపులో ఎక్కించి, దర్శనం చేయించి, దించేస్తామనే ప్లాన్‌లో తలనొప్పి, వాంతులు, ఆయాసం తప్పవు. జోమ్‌సోమ్‌లో (సుమారు 2,700 మీటర్లు) గానీ కాగ్‌బేనిలో గానీ ఒక రాత్రి ఆగే ప్లాన్ అడగండి. విమానాలు పొద్దున మాత్రమే ఎగురుతాయి, పొద్దెక్కాక కాళీగండకి లోయలో గాలి లేస్తుంది. ఫ్లైటు రద్దయితే ఆ రోజు ఇక లేదు, జీపుకు మారే ఏర్పాటు ముందే ఉండాలి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ మనతో సహా సార్క్ దేశాలవాళ్ళకు 1,000 నేపాలీ రూపాయలు, ఇతర విదేశీయులకు 3,000. పొఖారాలోనే తీసుకోండి. జీపు రాణిపౌవా దగ్గర ఆగుతుంది, పైకి మెట్లు, గుర్రాలూ ఉంటాయి. 108 ధారల కింద స్నానం మంచునీటి స్నానమే. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు తలమీద నాలుగు చుక్కలు చల్లుకుంటే చాలు. ధారల దగ్గరికి వెళ్ళే ముందే పొడి బట్టలు, ఉన్ని టోపీ వెంట వచ్చినవాళ్ళ చేతికివ్వండి. తడి బట్టలతో గాలిలో నిలబడటం వల్లే ఎక్కువమంది పడిపోతారు.

జనక్‌పూర్ కోసం ఈ రూటు వద్దు, అది తూర్పున ఉంది. బిహార్‌లోని జయనగర్ నుంచి రైలుంది. పాత చిన్న గేజి లైను 2014లో ఆగిపోయాక భారత సాయంతో బ్రాడ్‌గేజిగా మార్చి 2022 ఏప్రిల్ 2న జనక్‌పూర్ మీదుగా కుర్తా దాకా, 35 కిలోమీటర్లు తెరిచారు. 2023లో బిజల్‌పురా దాకా పొడిగించారు. నడిపేది నేపాల్ రైల్వే కంపెనీ, రైళ్ళు కొంకణ్ రైల్వే ఇచ్చిన రెండు డెమూలు. భారత, నేపాల్ పౌరులకే టికెట్, కార్డుల నియమం సునౌలిలో చెప్పినదే, ఇక్కడ నిజంగా అడుగుతారు. రోజుకు రైళ్ళు తక్కువ, కాబట్టి రోడ్డు మీద తిరిగొచ్చే దారి చూసి పెట్టుకోండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నేరుగా దేశం దాటించే సర్వీసు ఈ సరిహద్దులో ఇంకోటి లేదు, పదికి ఎనిమిది. 2022 జూన్‌లో ఢిల్లీ నుంచి బయలుదేరిన రామాయణ యాత్రా రైలు ఈ లైను మీదే జనక్‌పూర్ వెళ్ళింది, అదే యాత్ర చివర్లో మన భద్రాచలానికీ వచ్చింది. జనక్‌పూర్ జానకీ మందిరం కట్టించింది కూడా సరిహద్దుకు ఇటువైపున్న టీకమ్‌గఢ్ రాణి, 1910 ప్రాంతంలో. ఒక జాగ్రత్త: భద్రాద్రి లెక్కన శ్రీరామనవమికి కల్యాణం చూద్దామని వెళ్ళకండి, అక్కడ పెళ్ళి మార్గశిర శుద్ధ పంచమినాడు, వివాహ పంచమికి.

తెరిచిన సరిహద్దు మూతపడ్డ రోజులూ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ఖాట్మండులో ఆందోళనలు చెలరేగినప్పుడు విమానాశ్రయం ఆగిపోయింది, గేట్ల దగ్గర రాకపోకలు నిలిచాయి, తెలుగు యాత్రికులు వందల్లో చిక్కుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి విశాఖపట్నం, తిరుపతి చేర్చింది. అప్పుడు తేలిగ్గా దొరికినవాళ్ళు తమ హోటల్ పేరు, ఫోను నంబరు ఇంట్లో ఎవరికైనా ఇచ్చి ఉన్నవాళ్ళు. స్టాంపు లేకుండా దాటిన మనిషి ఆ దేశంలో ఉన్నట్టు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు, అదే ఈ గేటు లేని సరిహద్దుకున్న రెండో ముఖం. రోజువారీ మందులు మూడు రోజులవి అదనంగా, 100 నోట్లు ఒక కట్ట విడిగా, రాయబార కార్యాలయం అత్యవసర నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోను చార్జింగ్ అయిపోతే అందులో ఉన్న నంబరు దేనికీ పనికిరాదు.

తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన నేపాలీ నోట్లను బేలహియాలోనే మార్చేయండి, సునౌలి దాటి గోరఖ్‌పూర్ చేరాక వాటిని తీసుకునేవాళ్ళు దొరకరు. మార్చేవాడు 1.60కి బదులు 1.65 లెక్క చెప్తే పక్క కొట్టుకు వెళ్ళండి, వరసగా పది ఉంటాయి. బండి మీద వచ్చినవాళ్ళు భన్సార్ రసీదును గేటు దగ్గర అప్పగించి బండి బయటికి వెళ్ళినట్టు రాయించుకోండి. అది రాయించుకోని బండి కాగితాల ప్రకారం ఇంకా నేపాల్‌లోనే ఉన్నట్టు లెక్క, మళ్ళీ వెళ్ళిన రోజున జరిమానా అక్కడి నుంచి మొదలవుతుంది.